అప్పు తెచ్చిన బలము

వానలు కరవైన సీమలో పుట్టినవానికి, చేలో వేరుసెనగ పండినను ఎండినను, ఎన్నటికిని తనదిగా మిగులు ఆస్తి తన దేహమొక్కటే యని అనంతపురము జిల్లా రాయదుర్గము ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లవారకమునుపే బళ్లారి రోడ్డు వెంబడి, బూట్లున్నవారు బూట్లతోను లేనివారు వట్టి కాళ్లతోను పరుగులు తీయు యువకులను చూచినవారెల్లరును, ఆ పరుగు వెనుక పోలీసు కానిస్టేబులు కొలువో, సైన్యములో చోటో, రైల్వేలో క్రీడాకారుల కోటా ఉద్యోగమో ఉన్నదని ఎరుగుదురు. పదునారు వందల మీటర్ల పరుగులో పది సెకనుల తేడా, ఒక ఇంటి కొడుకు బ్రతుకంతయు జీన్సు ప్యాంట్లు కుట్టు మిషను ముందు గడచునా, లేక నెల నెలకును జీతము చేతికి వచ్చు ఉద్యోగములో గడచునా యను సంగతిని తేల్చివేయునపుడు, ఆ పది సెకనులను ఒక సూదితో సంపాదింపవచ్చునని చెవిలో ఊదువాడు ఎక్కడో ఒకచోట పుట్టుకొనివచ్చును. అట్టివాడు మా వైపు రాడని ఏ ఊరును ధీమాగా ఉండరాదు.

వాడు వచ్చినపుడు వానిని వదలి, వాని మాట విన్న కుర్రవానినే దోషిగా నిలబెట్టుట మనకు అలవాటైనది. మందు వాడినవాడు పట్టుబడును, వాని పేరు పత్రికలలో పడును, నాలుగేండ్లపాటు ఆటకు దూరమగును. మందమ్మినవాడును, సూది పొడిచినవాడును, పతకము వచ్చిన దినమున ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొన్నవాడును యథాప్రకారముగా తమ పనులు చూచుకొందురు. ఈ అన్యాయమును గూర్చి, అంతకంటె ముందు స్టీరాయిడ్ అను ఆ మందు ఒక దేహమునకు చేయు హానిని గూర్చి, సావకాశముగా వ్రాయదలచితిని.

బలము మన సీమకు కొత్తది కాదు. పండుగనాళ్లలో ఊరి రచ్చకట్ట ముందర రాతిగుండ్లను భుజమునకెత్తు పందెములు, పీర్ల పండుగకు కర్రసాము, గరిడీలలో మన్ను త్రవ్వి మెత్తజేసిన గోదాలు, వీనియందు పెరిగిన వస్తాదులకు రాగిసంగటియు, నానబెట్టిన సెనగలును, పాలును, వ్యాయామమును తప్ప వేరు మందు లేదు. ఉత్తరాంధ్రమున వీరఘట్టములో జన్మించి, ఎదపై ఏనుగును నిలుపుకొని, కదలబోవు మోటారు కార్లను ఆపి, కలియుగ భీముడని దేశదేశముల పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడు 1942లో కన్నుమూసెను. పురుష హార్మోనైన టెస్టోస్టిరోను ప్రయోగశాలలో కృత్రిమముగా తయారైనది 1935లో. ఆ కృషికి కర్తలైన బ్యూటెనాన్ట్, రుజిచ్కా అను శాస్త్రజ్ఞులు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమును పంచుకొనిరి. అనగా రామమూర్తి తన ప్రదర్శనలతో జనులను అబ్బురపరచిన దినములలో ఈ మందు లోకమున ఎక్కడను లేదు. మనుష్యదేహము తనంత తాను ఎంత దూరము పోగలదో చెప్పుటకు తెలుగువారికి ఆయనకంటె గట్టి సాక్షి అక్కరలేదు.

ఆ హార్మోను రోగుల కొరకు పుట్టినది. వృషణములు పని చేయనివారికిని, కాలిన గాయములచేతనో దీర్ఘరోగముచేతనో కండలు కరిగిపోయినవారికిని దాని జాతి మందులు నేటికిని ఉపకరించుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ బరువులెత్తువారు దీనిని వాడుచున్నారని విన్న జాన్ జీగ్లర్ అను అమెరికా వైద్యుడు తన దేశపు ఆటగాండ్రకును ఇచ్చెను. 1958లో సీబా కంపెనీవారు డయానబాల్ అను అదే జాతి మాత్రను అంగడిలో పెట్టిరి. అక్కడినుండి అది ఆసుపత్రి గడప దాటి వ్యాయామశాలలోనికి నడచినది. 1988లో సియోల్ ఒలింపిక్సున నూరు మీటర్లను 9.79 సెకనులలో పరుగెత్తి, మూడు దినములు తిరుగక మునుపే పతకమును పోగొట్టుకొన్న బెన్ జాన్సన్ మూత్రములో దొరకిన స్టానొజొలాల్ ఈ స్టీరాయిడ్ కుటుంబములోనిదే. ఉబ్బసమునకో కీళ్లవాతమునకో వైద్యుడిచ్చు స్టీరాయిడ్ వేరు జాతిది. అది కండ పెంచదు సరిగదా, ఊరిలో కొందరు వైద్యము నేర్వనివారు ఒళ్లునొప్పులకు పదే పదే పొడుచుటచేత, ఎముకలను గుల్లచేసి మొగమును ఉబ్బించును. నేను చెప్పుచున్నది కండ పెంచు స్టీరాయిడుల మాట.

దేహములో జరుగునదేమన, మెదడు అడుగుభాగమున నున్న హైపోథలామస్, దానికి క్రింద వేలాడు పిట్యూటరీ గ్రంథియు, రక్తములో ఈ హార్మోను ఎంత యున్నదో అనుక్షణము కొలిచి, తగ్గినచో వృషణములకు తయారుచేయుమని ఆజ్ఞ పంపును, హెచ్చినచో ఆజ్ఞ నిలుపును. మన రైతు తాతలనాటి దిగుడుబావికి ప్రక్కనే అప్పు చేసి లోతైన బోరు వేయగా కొన్నాళ్లు నీరు దండిగా వచ్చి, బావి మాత్రము ఊట చచ్చి అడుగంటిపోవుట ఎట్లో, వెలుపలినుండి హార్మోను వచ్చిపడిన దేహములోను అట్లే సొంత ఊట ఎండిపోవును. జిమ్ములలో వాడుక వైద్యులిచ్చు మోతాదునకు పదింతలు మొదలుకొని, కొన్నియెడల నూరింతల వరకు పోవుచుండుటచేత పిట్యూటరీ పూర్తిగా మౌనము వహించును, వృషణములు కుంచించుకొనిపోవును, వీర్యకణములు తగ్గి, కొందరిలో ఒక్కటియు లేకుండ పోవును. మిగులు హార్మోనులో కొంత స్త్రీ హార్మోనుగా మారుటచేత పురుషుని రొమ్ములు ఉబ్బును. కండలు పెంచి మగతనము చూపదలచిన ఇరువదేండ్ల యువకుడు, పెండ్లియైన పిదప సంతానము కలుగక భార్యను ఆసుపత్రులచుట్టు త్రిప్పుచు, అత్తమామల మాటలన్నియు ఆమెపై పడుచుండగా అసలు సంగతి నోరు విప్పి చెప్పలేకపోవుటకు మించిన దుర్భరమైన స్థితిని నేను ఊహింపజాలను.

గుండెకు జరుగు హాని కంటికి కనబడదు. స్టీరాయిడ్ మంచి కొలెస్టరాలును దించి చెడ్డదానిని పెంచును, రక్తమునందలి ఎర్రకణములను అధికముచేసి రక్తమును చిక్కబరచును, రక్తపోటును ఎక్కించును, భుజము కండతో పాటు గుండె ఎడమగది గోడనుగూడ దట్టముగా చేయును. భుజము బలిసినచో అద్దములో అందముగా కనబడునేమో కాని, గోడ బలిసిన గుండె సరిగా విప్పారక, సరిగా నింపుకొనక, ఒకనాడు లయ తప్పును. ముప్పది యేండ్లవాడు జిమ్ములో కుప్పకూలెనని వార్త వచ్చినపుడు, ఆ మరణములన్నిటికిని స్టీరాయిడే కారణమని ఎవరును అనరాదు. కాని అట్టివాని చరిత్రలో దాని సంగతి అడుగక విడిచిపెట్టు వైద్యుడు తన పనిని సగమే చేసినవాడు. మాత్రలుగా మ్రింగు రకములు కాలేయమును దాటి రక్తములో చేరునట్లు రసాయనికముగా మార్చబడినవి గనుక, పైత్యరసము నిలిచి కామెర్లు కలుగుటయు, కాలేయములో రక్తపుబుగ్గలు, గడ్డలు లేచుటయు కలదు. కండ నెలలలో పెరుగును; ఆ కండను ఎముకకు కట్టియుంచు టెండను పట్టీ అంత వేగముగా గట్టిపడదు; అందుచేతనే మందు బలముతో బరువునెత్తువారికి ఆ పట్టీలు పుటుక్కున తెగుట.

పదునాలుగు, పదునైదేండ్ల బాలునికి దీనినిచ్చుట మరియొక పాపము. ఎముకల కొనలయందు పెరుగుదలకని ఉండు మెత్తని పొరలు కాలమునకు ముందే మూసుకొనిపోయి, పొడవు పెరుగవలసిన బిడ్డ అంతటితో నిలిచిపోవును. ఆడపిల్లల విషయము ఇంకను కఠినము. గొంతు బొంగురుపోయి, మొగమున వెండ్రుకలు మొలచి, ముట్టు తప్పును; ముట్టు మరల రావచ్చును గాని, మారిన గొంతు మందు మానినను తిరిగి రాదు. మనస్సును గూర్చి చెప్పవలెనన్న, మందు వాడు దినములలో చీటికిమాటికి కోపమును, మానిన పిదప సొంత హార్మోను ఇంకను ఊరక మునుపు వచ్చు శూన్యములో తీరని దిగులును కలుగును. ఆ దిగులును తాళలేకయే చాలమంది మరల మరియొక సైకిలు మొదలుపెట్టుదురు. వారి భాషలో సైకిలనగా కొన్ని వారములపాటు సూదియు మాత్రయు కలిపి వాడు కోర్సు.

ఆ సూదిసీసాను ఒకమారు దగ్గరగా చూడవలెను. బొటనవ్రేలంత గాజుబుడ్డి, రబ్బరు మూత, దానిపై అల్యూమినియపు పట్టీ. లోపల నూనెలో కరగించిన లేత పసుపు ద్రవము. చీటీపై తెలియని కంపెనీ పేరును, రంగు బొమ్మయు ఉండును. తయారీ లైసెన్సు సంఖ్య, చిరునామా ఉండవలసినచోట ఏమియు ఉండదు. నూనె గనుక సన్నని సూదిలో దిగదు. లావు సూదితో పిరుదు కండలోనికి మెల్లమెల్లగా నెట్టవలెను. శుభ్రత తప్పినచో అక్కడ చీముగడ్డ లేచును. ఒక్క సీసాను, ఒక్కొక్కపుడు ఒక్క సూదినే, నలుగురు స్నేహితులు పంచుకొన్నచో హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. అను వ్యాధులును పంచుకొన్నట్లే. సీసాలో నిజముగా ఏమున్నదో పొడుచువానికిని తెలియదు, పొడిపించుకొనువానికిని తెలియదు.

దీనికి తోడు మరికొన్ని మందులు వచ్చిచేరినవి. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చినపుడు పడిపోవు రక్తపోటును లేపుటకు వాడు మెఫెంటెర్మిన్ అను ఇంజెక్షనును, అలసట తెలియకుండ వ్యాయామము చేయవచ్చునని చెప్పి జిమ్ములకు పోవు యువకులకు దొంగచాటుగా అమ్ముచున్నవారిని హైదరాబాదులో తెలంగాణ ఔషధ నియంత్రణాధికారులు ఇటీవలి సంవత్సరములలో పలుమారులు పట్టుకొనిరి. ఇది స్టీరాయిడ్ కాదు, గుండెను కొరడాతో తోలు ఉత్తేజకము. పరీక్షలో దొరకకుండుటకును, పోటీకి ముందు బరువు తగ్గుటకును మ్రింగు, మూత్రమును అధికముగా పోయించు మాత్రలు ఇంకొక తెగ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మా జిల్లాలో, చైత్ర వైశాఖముల ఎండకు మామూలుగనే ఉప్పును నీటిని కోల్పోవు దేహమునుండి ఆ మాత్రలు ఇంకను నీటిని, పొటాషియమును లాగివేసినచో గుండె లయ తప్పుటకు ఎంతయో సేపు పట్టదు.

ఈ మోసమువలన నష్టపడినది ఎవరని అడుగువారికి నేను మత్స సంతోషి పేరు చెప్పుదును. విజయనగరము జిల్లా కొండవెలగాడ బరువులెత్తువారి ఊరు. ఆ ఊరి బిడ్డయైన సంతోషి 2014 జూలైలో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలయందు స్త్రీల 53 కిలోల విభాగమున మూడవదిగా నిలిచి, పతకపీఠముపై అందరికంటె క్రింది మెట్టుననే నిలుచుండి కాంస్యమును మెడలో వేయించుకొన్నది. బంగారు పతకము నైజీరియా బాలిక చికా అమలాహాకు పోయినది. కొలది దినములలో అమలాహా మూత్రమున ఇంతకుముందు నేను చెప్పిన జాతి మాత్రలే, అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనునవి, బయటపడగా ఆ బంగారము పాపువా న్యూగినీ క్రీడాకారిణి డికా టౌవాకును, రజతము సంతోషికిని, కాంస్యము నాలుగవదిగా నిలిచిన మన స్వాతి సింగుకును దక్కినవి. లెక్క సరిపోయినది నిజమే. అయినను వేలమంది ఎదుట రెండవ మెట్టెక్కవలసిన నిమిషము సంతోషికి మరల రాలేదు. స్వాతికి ఆ దినమున మెట్టే లేదు. దశాబ్దముల సాధన ఫలించు ఘడియ జీవితమున ఒకటి రెండు మారులే వచ్చును గదా, దొంగిలింపబడిన ఆ ఘడియను తరువాత చేతికందిన పతకము తీర్చగలదా?

అయితే ఆ కథలో నన్ను ఎక్కువగా బాధించునది వేరొకటి. పట్టుబడిన అమలాహాకు అప్పటికి పదునారేండ్లు. పదునారేండ్ల పిల్ల రక్తపోటు మాత్రలను తానే ఎన్నుకొని, తానే మోతాదు నిర్ణయించుకొని, తానే సంపాదించి మ్రింగినదని నమ్ముట నాకు సాధ్యము కాదు. లోకమెల్ల ఆమె పేరును చదివినది. ఆ మాత్రలు ఆమె చేతికెట్లు వచ్చినవో చదివినవారు లేరు.

పిల్లలకు మాత్రలు తినిపించు ఈ పనియే తూర్పు జర్మనీలో ప్రభుత్వ విధానమై సాగినది. 1970వ దశాబ్దమునుండి అక్కడి శిక్షకులు బాలికలకు ఓరల్ ట్యూరినబాల్ అను నీలి మాత్రలను విటమినులని చెప్పి తినిపించిరి. ఆ మాత్రలు పదునారవయేట మొదలుపెట్టిన హైదీ క్రీగర్ 1986లో ఐరోపా షాట్‌పుట్ విజేతయైనది. ఆ దేహములో వచ్చిన మార్పులను భరింపలేక, దశాబ్దము తరువాత శస్త్రచికిత్సతో ఆంద్రేయాస్ అను పురుషుడై, తన జీవితమును తాను నిర్ణయించుకొను హక్కునే ఆ మాత్రలు లాగికొన్నవని బహిరంగముగా చెప్పుచువచ్చెను. అక్కడ మాత్రము 2000లో బెర్లిన్ న్యాయస్థానము, మ్రింగినవారిని కాక మ్రింగించిన క్రీడాధికారి మాన్ఫ్రెడ్ ఎవాల్డును, వైద్యుడు మాన్ఫ్రెడ్ హ్యోప్నరును దోషులని తేల్చినది. జైలుకు పోనక్కరలేని స్వల్పశిక్షయే పడినది. అయినను ఎవరిది నేరమో న్యాయస్థానము నోట వచ్చినది.

మన దేశమున ఆ మాట రాలేదు. జాతీయ డోపింగు నిరోధక సంస్థ నాడా 2005లో ఏర్పడినది. 2022లో దానికి చట్టబలము వచ్చినది. ఆ చట్టమునందలి శిక్షలన్నియు పోటీలనుండి బహిష్కారము, పతకములు లాగికొనుట, ధనదండన మున్నగు క్రీడారంగపు శిక్షలే. శిక్షకునికిని అవి వర్తించును గాని, చీటీ లేక మందమ్ము అంగడివానిని, జిమ్ము గదిలో సంచినుండి సీసా తీయువానిని తాకవు. వారిని పట్టవలసిన ఔషధ చట్టము వేరు, దానిని నడుపు అధికారులు వేరు, ఈ రెండు కార్యాలయముల మధ్య మాటలు నడచుట అరుదు. 2023లో మన దేశమున పరీక్షించిన 5,606 నమూనాలలో నూటికి 3.8 వంతులు నిషిద్ధ పదార్థములు కలవిగా తేలినవి. ఐదు వేలకు పైగా నమూనాలను పరీక్షించిన దేశములలో ఇదియే అత్యధికము. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చిరని తెలిసినంతనే పరుగు పందెగాండ్రు మాయమై, పురుషుల నూరు మీటర్ల తుది పోటీలో ఒక్కడే పరుగెత్తెను. స్టేడియపు మరుగుదొడ్లలో వాడిన సిరింజులు దొరకినవి. రాజధానిలో అట్లుండగా, ఏ అధికారియు రాని జిల్లా పోటీలలో, మండల స్థాయి పాఠశాల క్రీడలలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు ఎవరైన ప్రయత్నించిరా? అలవాటు మొదలగు చోటు అది. పరీక్ష మాత్రము అలవాటు ముదిరిన పిదప జాతీయ స్థాయిలో ఎదురగుచున్నది.

వైద్యుల పర్యవేక్షణలో అందరికిని వాడనిచ్చినచో పోటీ సమానమగును గదా యని వాదించువారున్నారు. ఆ వాదము ధనవంతులది. బళ్లారి జిల్లా విజయనగరములోని పెద్ద క్రీడాశిక్షణ సంస్థయందు చేరిన బిడ్డకు వైద్యుడును, ఆహారనిపుణుడును ప్రక్కనే యుందురు. ఉదయము ఉగ్గాని తిని గుమ్మఘట్ట రోడ్డున పరుగెత్తు కుర్రవానికి ఎవరున్నారు? మందును అనుమతించిన మరుదినమునుండి దానిని వాడకుండ ఆడదలచినవానికి ఆటలో చోటుండదు. ఇష్టము లేనివానిని సైతము తన దేహమును తాకట్టు పెట్టుమని బలవంతపరచు స్వేచ్ఛ ఎవరికి ప్రయోజనము?

పరీక్షను ఊరి పిల్లలు అవమానముగా భావింపకుండ నేర్పుటయు అవసరము. నిజమునకు ఆ పరీక్ష శుద్ధముగా ఆడువానికి రక్షణ. ఎంపికైన క్రీడాకారుని వెంట అధికారి నిలుచును. క్రీడాకారుడు మూసియున్న పాత్రలలో తనకు నచ్చినదానిని తానే ఎన్నుకొనును. అధికారి చూచుచుండగా కనీసము 90 మిల్లీలీటర్ల మూత్రము పోయవలెను. దానిని తన చేతులతోనే ఎ, బి అను రెండు సీసాలలోనికి వంచి, బిగించిన పిమ్మట విరుగగొట్టనిదే రాని మూతలు బిగించును. సంఖ్యలు సరిచూచుకొని సంతకము పెట్టును. మొదటి సీసాలో దోషము కనబడినచో రెండవదానిని తన యెదుట విప్పుమని అడుగు హక్కు అతనికున్నది. అనంతపురమున స్వచ్ఛంద సంస్థయైన ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామములో, టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నడాల్ పేర నున్న ఫౌండేషను 2010లో నెలకొల్పిన టెన్నిస్ పాఠశాల పిల్లలకు ఈ విషయమై చక్కని కథయున్నది. 2016లో ఫ్రాన్సు మాజీ మంత్రిణి ఒకరు నడాల్ మందు వాడెనని అపవాదు వేయగా, అతడు తన పరీక్షల ఫలితములన్నిటిని బయటపెట్టుడని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యకు లేఖ వ్రాసెను. దావా వేసి మరుసటి యేడు పారిస్ న్యాయస్థానమున గెలిచెను. పరీక్షలు లేకున్నచో ఆ లేఖ వ్రాయుటకు అతనికి ఆధారమే ఉండెడిది కాదు.

కావున నేను కోరునది పెద్దది కాదు. జిల్లా పోటీలలో, రాష్ట్ర పాఠశాల క్రీడలలో చీట్లు వేసి కొద్దిమందినైన పరీక్షింపవలెను. పద్దెనిమిదేండ్లు నిండని బిడ్డ పట్టుబడినపుడు విచారణ ఆ బిడ్డతో ఆగక, మందు ఎవరిచ్చిరి, ఏ అంగడినుండి వచ్చెనను ప్రశ్నతో ఔషధ నియంత్రణాధికారి బల్లమీదికి, అక్కడినుండి పోలీసు స్టేషనుకును పోవలెను. జిమ్ములను కూడ మందుల అంగళ్లవలె తనిఖీ చేయవలెను. వ్యాయామోపాధ్యాయులకు నిషిద్ధ మందుల పట్టికను, ప్రొటీను పొడి డబ్బాలలో చీటీపై చెప్పని పదార్థములు కలియు ప్రమాదమును ఏటేట బోధింపవలెను. తన ఒంట దొరకినదానికి ఆటగాడే బాధ్యుడను నియమము ఉన్నందున, డబ్బా కంపెనీ చేసిన తప్పునకును శిక్ష వానికే పడును.

ఇదివరకే ఈ మందులు వాడిన యువకుడెవడైన ఈ పంక్తులు చదువుచున్నయెడల, సిగ్గుపడి దాచవద్దు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు వద్దకు పోయి, ఏ మందు, ఎన్ని వారములు, ఎంత మోతాదున వాడితివో ఉన్నదున్నట్లు చెప్పుము. రక్తపోటు, ఈసీజీ, కాలేయము, కొలెస్టరాలు, రక్తపు చిక్కదనము, హార్మోనులు చూడుమని అడుగుము. మానిన పిదప సొంత హార్మోను చాలమందిలో కొన్ని నెలలకు, కొందరిలో ఏడాదికి పైగా తిరిగి ఊరును; ఆ నెలలలో కండ కరుగును, దిగులు కమ్మును, అపుడు ఇంటివారు తిట్టక ప్రక్కన ఉండవలెను, చావు తలంపులు వచ్చినచో ఆలస్యము చేయక మానసిక వైద్యునికి చూపవలెను. సీసాలు మిగిలియున్నచో పారవేయక డాక్టరుకు చూపుము. నీ ఒంటిలోనికి పోయినదేమో తెలిసికొనుటకు అవి పనికివచ్చును.